ఉప్పు, బొగ్గు, ఎఫ్

ముందు గుంత తవ్విన.
గోడ పక్కన నడుము లోతు,
ఒక బస్తా ఉప్పు, ఒక బస్తా బొగ్గు,
నడుమ రాగి పలక.
"కంప్యూటర్ కొందామంటే గుంత తవ్వుతవేంది,
ఎవర్ని పూడుస్తవ్?" అన్నది వనమాల.
సిరొంచల ఇరవై రెండేండ్లుగా
కాలిన మోటర్లకు తీగ చుట్టేటోణ్ణి.
సాయంత్రం నూట డెబ్బై, నడిరాత్రి రెండొందల అరవై.
ఇట్లాంటి కరెంటుతోని కాపురం చేసేదానికి
కాళ్ల కింద నేల గట్టిగుండాలె.

చేతిల పద్దెనిమిది వేలు.
మహావితరణ బిల్లు వెనుక ఆమె రాసిన జాబితా,
కొంత మరాఠీల, కొంత తెలుగుల.
ఏ బోర్డు మీద ఏ ప్రాసెసర్ కూసుంటది,
డబ్బాల ఫ్యాన్ ఎత్తుకు జాగా ఉన్నదా లేదా,
రవికె కొలిచినట్టు టేపు పెట్టి కొలిచింది.
సాత్‌బారా కాగితాలు తీసిచ్చే పని పెట్టుకుంటదట.
తన చేను కాగితం తను చదువుకోలేనోళ్లు
మా వీధిలనే నలభై మంది.

"జాతకాలు కలుపుడేనా?" అన్నడు పెద్దబావ.
కాదు బావా.
జాతకం కలవకున్నా సంసారం నడుస్తది.
సాకెట్ కలవకుంటే నడవది.

నేను పట్టుబట్టింది ఒక్కదానికే, పవర్ సప్లైకి.
ఎనిమిది వందలది చేతిల పెట్టి తూచిన.
బరువు లేనిదాంట్ల రాగి లేదు,
రాగి లేనిదాన్ని నేను నమ్మ.
రెండు వేల నాలుగొందలది తీసుకున్న.
వనమాల మూతి ముడిచి
ఆ తేడా పూడ్చెటందుకు
తొమ్మిది వందలు తక్కువున్న ప్రాసెసర్‌కు టిక్కు కొట్టింది.
పేరు అదే. చివర ఒక్క అక్షరం ఎక్కువ, ఎఫ్.
"అక్షరం ఎక్కువుంటే మంచిదేనేమో" అన్న నేను,
పెద్ద చదువరి లెక్క.

ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల.
ఫయాజ్ దుకాణంల మధ్యాహ్నం దాక బేరం.
ఇంటికొచ్చి విప్పితే ర్యామ్ దిగలే.
బోర్డు అడిగేది నాలుగో తరం, వాడిచ్చింది మూడోది.
గాడి శనగగింజంత పక్కకున్నది.
శనగగింజంత!
"నొక్కు, దిగుతది" అన్నడు బావ.
నొక్కలే.
బేరింగును సుత్తెతోని కూసోబెట్టిన వయసు నాకూ ఉండె,
దాని ఖరీదు తెలుసు.
మళ్ల బస్సు, మళ్ల వంతెన.
చార్జీలు జాబితా కింద ఎర్ర పెన్నుతోని ఎక్కినయి.

ఆదివారం అన్నీ కూసున్నయి.
ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది,
తెర మాత్రం
రాత్రిపూట బావిలకు తొంగిచూసినట్టు.
పీకినం, పెట్టినం. పొద్దు గూకింది.
అప్పుడు వనమాల అట్టపెట్టె మీది సన్నక్షరాలు
లేచి నిలబడి చదివింది, బడిపిల్ల లెక్క.
ఎఫ్ అంటే, బొమ్మ చూపే గుణం లోపల లేనిదట.
అన్ని లెక్కలు చేస్తది,
ఒక్కటీ మొఖానికి చూపదు.
"మా నాయన లెక్క" అన్నది.
నాకు నవ్వు రాలే. పండుకున్నంక వచ్చింది.
"సాత్‌బారాల కూడ ఇంతే," అన్నది చీకట్ల,
"ఒక్క మాత్ర తప్పు పడితే చేను ఇంకొకని పేరు మీదికి పోతది."

వామన్ మడావి ఫోటో స్టూడియోల
అటక మీద పాత గ్రాఫిక్స్ కార్డు,
దుమ్ము పట్టి, ఫ్యాన్‌కు ఒక రెక్క విరిగి.
పైసలడగలే.
ఆయన బోరు మోటరు కాలి నా దగ్గరనే ఉన్నది.
ఒక వైండింగుకు ఒక బొమ్మ.

తెర వెలిగినప్పుడు అందరు తెరను చూసిండ్రు.
నేను చెవి పెట్టిన.
టక్ టక్ మంటున్నది, బుష్ అరిగింది,
పొద్దున ఒక నూనె చుక్క వెయ్యాలె.
భాష ఎంచుకొమ్మని అడిగింది తెర.
వనమాల వేలు గాలిల ఆగింది.
అంతల కరెంటు పోయింది.

ఎవరూ కదలలే.
గోడ పక్కన ఉప్పు ఎండిందేమో,
ఒక చెంబు నీళ్లు పోసొద్దామని లేచిన.